ఒక ఉత్తరానికి ఇద్దరు చదువరులు

ఉత్తరం మొదటి వరుసలోనే నా పేరు వచ్చింది.

చదువుతున్నాయన దాన్ని పట్టించుకోలేదు. పట్టించుకోవడానికి ఆయనకు తెలుగు తెలియదు. అక్షరాలు మాత్రం వచ్చు. మారిషస్‌లో, సముద్రం ఒడ్డున నిలిపిన తెల్ల వ్యానులో, మా అత్త ఇచ్చిన కాగితాన్ని స్టీరింగుకు ఆనించి పెట్టుకుని, డ్రైవరు సోమయ్య గారు గుడిలో భజన చదివే రాగంతో చదివారు.

"రుక్మిణికి. ఈ కాగితం దాము దగ్గర" అని ఆగి ఊపిరి పీల్చుకున్నారు. "చదివించుకోవద్దు. వాడికి తెలుగు" అని మళ్ళీ ఆగారు. "చదవడం రాదు. వచ్చినట్టు నటిస్తాడు."

వాక్యం ఎక్కడ పూర్తవుతుందో తెలియదు కాబట్టి ఆయన వరుస పూర్తయిన చోటల్లా ఆగేవారు. ఆగి, తాళం వేసినట్టు వేలితో స్టీరింగు మీద తట్టేవారు.

దాము అంటే నేనే. నాకు తెలుగు వచ్చు, అక్షరాలు రావు. అప్పటికి పత్రికా విలేఖరిగా ఇరవై ఏళ్ళు దాటాయి. చేతిలో నోటుబుక్కు, పెన్ను పట్టుకుని కూర్చున్నాను. పెన్ను కదల్లేదు.

"ఏముంది మిస్యే? మంచి కబురేనా?" అని ఆయన ఫ్రెంచిలో అడిగారు. మిస్యే అంటే అయ్యా అని.

ఆ ఉత్తరంలో ఏముందో రెండు నెలల ముందే మా అత్తకు నేను 'చదివి' వినిపించి ఉన్నాను.

నన్ను పంపింది ఎందుకంటే

ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు నన్ను తరచుగా అడిగేది విదేశీ ప్రయాణాల గురించే. పుదుచ్చేరిలో కూర్చుని వార్తలు రాసేవాడికి అన్ని దేశాలు తిరిగే యోగం ఎలా పట్టిందని. యోగం ఏమీ లేదు. నేను చదివిన బడిలో ఫ్రెంచి చెప్పేవారు. చెన్నై నుంచి వచ్చే ఒక ఇంగ్లీషు దినపత్రికకు నేను పుదుచ్చేరి విలేఖరిని. రెండువేల సంవత్సరం దాటాక వచ్చిన ఆ పదేళ్ళలో మా ఊరి నుంచి ఏ బృందం ఫ్రాన్సుకో, మారిషస్‌కో బయలుదేరినా, చెన్నైలో ఎవరో ఒకరు "ఫ్రెంచి వచ్చినవాడు ఒకడున్నాడు కదా" అనేవారు.

నా ఫ్రెంచి ఎంతటిదంటే కాఫీ అడగడానికి, గోడ మీద నోటీసు చదవడానికి సరిపోతుంది. పోట్లాటకు సరిపోదు. ఆ సంగతి చెన్నైలో ఎవరికీ తెలియదు. నేను చెప్పలేదు. ఈ అలవాటు నాలో అప్పటికే ఉందని మీరు గుర్తుపెట్టుకోవాలి.

అలా వెళ్ళి ఏం చేస్తామంటే, నాయకుల వెనకాల నిలబడతాం. పూలగుత్తులు ఇచ్చుకుంటూ ఉంటే చూస్తాం. ఫ్యాక్టరీలో తెల్ల టోపీ పెడతారు, పెట్టుకుంటాం. మిగతా సమయమంతా వ్యానులో కూర్చుని ఎవరో ఒకరు బయటికి వచ్చేదాకా ఎదురుచూస్తాం. పదేళ్ళలో ఒక్క సమావేశ మందిరం నుంచి కూడా దాచుకోదగ్గ వార్త నాకు దొరకలేదు. దొరికినవన్నీ వ్యానులో కూర్చున్నప్పుడు, వీధిలో నడుస్తున్నప్పుడు దొరికినవే.

ఇది నాకు నేర్పింది మా న్యూస్ ఎడిటరు. అందరూ ఆయన్ని ఎన్.ఎస్. అనేవారు. జన్మలో దేశం దాటని మనిషి. చొక్కా జేబులో ఎర్ర పెన్ను, నోట్లో వక్కపలుకు. మొదటిసారి నన్ను పారిస్ పంపుతూ ఆయన చెప్పింది ఒక్కటే.

"సభలో మాట్లాడేది ఎట్లాగూ అచ్చువేసి చేతికిస్తారు. నువ్వు ఎవరూ చేతికివ్వని కాగితాలు చదువు."

అంటే ఏమిటి సార్ అని అడిగాను. గోడల మీద అంటించినవి, స్థానిక పత్రికలో చావు కబుర్లు, చిన్న ప్రకటనలు, దుకాణం తలుపు మీద చేత్తో రాసినవి. అవన్నీ మొదటి రోజు పొద్దున్నే చదవాలి, ఆ తరవాతే కోటు వేసుకోవాలి అన్నాడు.

చదివాను. ఒక రొట్టెల దుకాణం తలుపు మీద కాగితం అంటించి ఉంది. మేము నెల రోజులు సెలవు మీద పోతున్నాం, అంతవరకు పక్క వీధిలోని ఫలానా దుకాణానికి వెళ్ళండి, అక్కడ కూడా బాగుంటుంది అని. పోటీదారు దుకాణానికి దారి చూపించే బొమ్మ కూడా గీశారు. దాని మీద నేను రాసిన నాలుగు పేరాలు మా ఊళ్ళో ఎంతమంది చదివారంటే, రెడ్డియార్‌పాళయం కూడలిలో నాకు రోజూ టీ పోసే ఆయన ఒక వారం పాటు, "ఈరోజు నా సెలవు సార్, ఎదురు కొట్టుకు పోండి" అని నన్ను ఏడిపించాడు. ఆ పర్యటనలో కుదిరిన ఒప్పందాల గురించి రాసినది మాత్రం ఎవరూ చదవలేదు. నేను కూడా మళ్ళీ చదవలేదు.

ఏం చదువుతున్నారు?

ఆ ప్రయాణంలోనే ఒక తప్పు కూడా చేశాను.

పారిస్ శివారుకు పోయే రైలెక్కితే పెట్టెలో ప్రతివాడూ చదువుతున్నాడు. తల ఎత్తిన మనిషి లేడు. నాకు ఒళ్ళు పులకరించింది. హోటలు పక్కనున్న బ్రౌజింగ్ సెంటరుకు పోయి, చదువరుల దేశం గురించి పెద్ద వ్యాసం కొట్టాను. మూలకుళం బస్సులో మనవాళ్ళు ఏం చేస్తారు, టికెట్ చుట్టి చెవిలో తిప్పుకుంటారు అని చివర ఒక చురక కూడా వేశాను. పంపేసి తృప్తిగా పడుకున్నాను.

పొద్దున్నే ఎన్.ఎస్. నుంచి ఈమెయిలు. ఒకటే వరుస.

"ఏం చదువుతున్నారు?"

నాకు తెలియదు. చూడలేదు. మళ్ళీ అదే రైలెక్కి, ఈసారి సిగ్గు వదిలేసి, అందరి భుజాల మీదుగా తొంగిచూశాను. ముగ్గురు గళ్ళనుడికట్టు నింపుతున్నారు. ఇద్దరు రాశిఫలాలు చూస్తున్నారు. నల్ల కళ్ళజోడు పెట్టుకుని, గడ్డం నిమురుకుంటూ, నిన్న నేను తత్త్వవేత్త అని వ్యాసంలో రాసిన పెద్దమనిషి మోకాళ్ళ మీద ఉన్నది బట్టలు ఉతికే యంత్రాన్ని ఎలా వాడాలో చెప్పే పుస్తకం. ఒక ఆడమనిషి మాత్రం నిజంగానే లావుపాటి నవల చదువుతోంది. ఆమెకు నేను తొంగిచూడటం నచ్చలేదు, పుస్తకం మూసేసింది.

ఎన్.ఎస్. మొదటి వ్యాసాన్ని ఆపేశాడు, ఈ సంగతులతో నేను మళ్ళీ రాసి పంపినదాన్ని వేశాడు. నేను తిరిగొచ్చాక కలిస్తే ఆయన తిట్టలేదు. "కాగితం చేతిలో ఉన్నవాళ్ళందరూ చదువుతున్నారని అనుకోకు దామోదరన్. నిన్ను కూడా కలిపే చెబుతున్నాను" అన్నాడు. ఆ చివరి మాట ఎందుకన్నాడో అప్పుడు నాకు అర్థం కాలేదు.

పెళ్ళిపత్రికలు

మా ఇళ్ళల్లో మాట్లాడేది తెలుగు. మా వాళ్ళు ఎన్ని తరాల కింద ఇక్కడికి వచ్చారో లెక్క చెప్పగలిగినవాళ్ళు లేరు. పిల్లల్ని జోకొట్టేది తెలుగులో, అన్నదమ్ములు పొలం గట్టు మీద కొట్లాడుకునేది తెలుగులో. బడికి పోతే మాత్రం తమిళం, కొంచెం ఇంగ్లీషు, నాలాంటి కొందరికి ఫ్రెంచి. తెలుగు ఎవరికీ చదవడం రాదు. రాదనే సంగతి కూడా ఎవరికీ లోటుగా తోచదు, ఏ నాయుడుపేట నుంచో ఒక పెళ్ళిపత్రిక వచ్చేదాకా.

అలాంటి పత్రికలు వచ్చేది మా మేనత్త రుక్మిణమ్మ ఇంటికి. రుక్కమ్మత్త అంటాం. ఆమె భర్త నాయుడుపేట వైపు నుంచి ఇక్కడి బట్టల మిల్లులో పనికి వచ్చిన మనిషి. మూలకుళంలో కాపురం. తెలుగు చదవడం, రాయడం వచ్చిన ఒకే ఒక్క అల్లుడు. కానీ మామది మాట పొదుపు. పత్రిక చదివి పెట్టమంటే "పెళ్ళంట" అని పక్కన పెట్టేవాడు. దాంతో ఆడవాళ్ళు నా మీద పడేవారు. "పేపర్లో పని జేస్తుండావు, నువ్వు చదవరా."

రాదు అని చెప్పొచ్చు. చెప్పలేదు. తేదీ అంకెల్లో ఉంటుంది. మిగతాది అన్ని పెళ్ళిపత్రికల్లోనూ ఒకటే. అందుకని పత్రిక చేతిలో పట్టుకుని, గొంతు సవరించుకుని, మా చిరంజీవికి ఫలానా వారి అమ్మాయిని ఇచ్చి వివాహం చేయ నిశ్చయించినాము, తాము బంధుమిత్ర సపరివారంగా విచ్చేసి అని గడగడా చెప్పేవాడిని. ఆడవాళ్ళు అబ్బా అనేవారు. మామ ఈజీచైరులో కూర్చుని నావైపు చూసి మెల్లగా కళ్ళు మూసుకునేవాడు. నిద్ర అనుకునేవాడిని.

మామ పోయాడు. పదహారో రోజు చేసే కరుమాది కర్మ కూడా అయిపోయాక అత్త నన్ను లోపలి గదిలోకి పిలిచింది. మిల్లు యూనిఫాం కింద పెట్టెలో దొరికిందని, నాలుగు మడతలు పెట్టిన ఒక కాగితం ఇచ్చింది. రెండు వైపులా తెలుగు.

"మీ మామ రాసింది. నాకేనంట్రా? చదువు."

నాకు చదువు రాదత్తా అనడానికి అదే సరైన సమయం. కానీ ఆమె తల మీద కొంగు కప్పుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, రేడియో ముందు కూర్చున్నట్టు కూర్చుంది. ఇరవై ఏళ్ళు పెళ్ళిపత్రికలు చదివినవాడిని ఇప్పుడు ఏం చెప్పను? గొంతు సవరించుకున్నాను.

"రుక్మిణీ, నేను పోయినా నువ్వు ధైర్యంగా ఉండాల. ఆరోగ్యం చూసుకో. పిల్లల్ని మంచిగా చూసుకో. ఇన్నేళ్ళూ నన్ను బాగా చూసుకున్నావు."

అక్కడితో ఆపితే బాగుండేది. కాగితం వెనక వైపు కూడా ఉంది కదా అని తిప్పి ఇంకో నాలుగు వాక్యాలు కలిపాను.

అత్త నా చేతిలోంచి కాగితం తీసుకుంది. మళ్ళీ నాలుగు మడతలు పెట్టింది.

"మంచిగా చదివినావు నాయనా. కాఫీ తాగి పో" అంది.

రెండు నెలల తరవాత నన్ను మారిషస్ పంపుతున్నారని తెలిసి, ఆమె మూలకుళం నుంచి నడుచుకుంటూ రెడ్డియార్‌పాళయంలో మా ఇంటికి వచ్చింది. కొంగు ముడి విప్పి అదే కాగితం నా చేతిలో పెట్టింది.

"ఒరే దామూ, దూర దేశం పోతుండావు గదా. ఆడ తెలుగోళ్ళు ఉండారంటనే. సరిగ్గా చదివేవాళ్ళు ఎవురన్నా కనిపిస్తే దీన్ని ఇంగో తూరి చదివించుకోని రా."

"నేను చదివినాను గదత్తా?"

"చదివినావులే. నీ నోట్లో మంచిగానే ఉండింది. కానీ మీ మామ నాతో ముప్పై ఏండ్లు కాపురం జేసినాడు, ఒక్క తూరి కూడా ఆరోగ్యం చూసుకో అనలేదు. చచ్చిపోయినాక అంటాడా ఏంది?"

యానాం నుంచి వచ్చి మా ఊళ్ళో ఉద్యోగాలు చేసేవాళ్ళు ఉన్నారు, వాళ్ళు శుభ్రంగా తెలుగు చదువుతారు, ఒకాయనకు చూపిస్తాను అన్నాను.

"వద్దు, వద్దు. ఈ ఊర్లో ఎవురికీ వద్దు. మళ్ళా కాఫీపొడి కొనేదానికి పోయినా, కురుచికుప్పం నుంచి చేపలు తెచ్చే ఆమె కూడా, మొగుడు ఏం రాసినాడక్కా అని అడుగుతుంది. నాకు తెలియాల్సింది ఒగటే. ఆయన నా మీద కోపంతో పోయినాడా, సుమ్మా ఊరికే పోయినాడా. దూరం మనిషైతే చదివి మరిచిపోతాడు."

మాటలు అంటూనే ఆమె నవ్వింది. కాగితాన్ని మాత్రం నా చేతిలోంచి ఇంకోసారి తీసుకుని, మడతలు సరిచేసి ఇచ్చింది. వార్త రాసేవాడు ఇలాంటివి చూడకుండా ఉండలేడు. నేను విలేఖరిగా ఒక్క అబద్ధపు వాక్యం కూడా రాయలేదని అప్పటిదాకా అందరికీ చెప్పుకునేవాడిని. రాయలేదు, నిజమే. చదివాను.

వ్యానులో

మారిషస్‌లో మాకిచ్చిన వ్యాను డ్రైవరు సోమయ్య గారు. అరవైకి దగ్గరలో ఉన్న మనిషి. నెత్తిన గడ్డి టోపీ. పెద్దలు లోపల సమావేశంలో ఉంటే ఆయన బయట సీటు వెనక్కి వాల్చి పుస్తకం చదువుకునేవారు. విదేశాలకు పోయి డ్రైవరును అడిగి వార్త రాయడం సోమరి విలేఖరుల పని. నేనూ చేశాను, కాబట్టి తెలుసు. ఈసారి అలా అడగకూడదని ఒట్టు పెట్టుకుని బయలుదేరాను. రెండో రోజు ఎన్.ఎస్. అలవాటు ప్రకారం ఆయన ఏం చదువుతున్నారో తొంగిచూశాను. తెలుగు! మా పెళ్ళిపత్రికల మీద ఉండే అవే గుండ్రటి అక్షరాలు.

నాకు కలిగింది అసూయ. పత్రికలో పనిచేసే నేను చదవలేనిది ఆయన కాళ్ళు చాపుకుని చదువుతున్నారు. వెంటనే తెలుగులో పలకరించాను. "మీరు తెలుగువాళ్ళా? ఏ ఊరు?"

ఆయన టోపీ తీసి మర్యాదగా నవ్వారు. తరవాత ఫ్రెంచిలో, "క్షమించండి మిస్యే, నాకు ఆ భాష రాదు" అన్నారు.

విషయం ఏమిటంటే, ఆయన పూర్వీకులు చెరుకు తోటల్లో పనికి ఓడెక్కి వచ్చినవాళ్ళు. ఇంట్లో మాట్లాడేది అక్కడి క్రియోలు భాష. గుడి పక్కన సాయంత్రం బడిలో చిన్నప్పుడే తెలుగు అక్షరాలు నేర్పించారు. భజనలు తప్పు లేకుండా చదువుతారు. అర్థం అక్కడక్కడ ఒక మాట, దేవుడి పేర్లు, అంతే. మా ఊళ్ళో మాట ఉంది, రాత లేదు. వాళ్ళ ఊళ్ళో రాత ఉంది, మాట లేదు. మూడో రోజు మధ్యాహ్నం, బృందం వాళ్ళు భోజనానికి కూర్చున్నాక, వ్యాను సముద్రం వైపుకు తిప్పి నిలబెట్టమని అడిగాను. కాగితం తీసి ఇచ్చాను.

మిగతాది మొదట్లో చెప్పాను. మంచి కబురేనా అని ఆయన అడిగారు. నేను ఉన్నదున్నట్టు ఫ్రెంచిలోకి మార్చి చెప్పాను. దాము ఎవరు అని అడిగారు. నా పాస్‌పోర్టులో ఉన్న దామోదరన్‌ను ఇంట్లో అలా పిలుస్తారని చెప్పాను.

సోమయ్య గారు ముందు నా ముఖం చూశారు. తరవాత కాగితం చూశారు. తరవాత టోపీ ముఖానికి అడ్డం పెట్టుకుని నవ్వారు. ఎంత నవ్వారంటే మోచెయ్యి తగిలి హారను మోగింది, ఒడ్డున వలలు బాగుచేసుకుంటున్నవాళ్ళు తలతిప్పి చూశారు.

"నిజమేనా మిస్యే? నటించారా?"

"నటించాను."

ఆయన నవ్వు ఆపారు. "నేనూ అంతే. గుడిలో నేను చదువుతుంటే వెనకాల ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకుంటారు. సోమయ్యకు అంతా తెలుసు అనుకుంటారు. నలభై ఏళ్ళయింది. ఇప్పుడు ఎలా చెప్పను?"

ఆ తరవాత మేము పని మొదలుపెట్టాం. ఆయన ఒక వరుస చదవడం, అర్థమయ్యేలా దాన్ని నేను నోట్లో ఇంకోసారి అనుకోవడం, నోటుబుక్కులో తమిళ అక్షరాల్లో రాసుకోవడం. మామ రాత గుండ్రంగా, విడివిడిగా ఉండటం మా అదృష్టం. ఉత్తరం మొత్తం ఇది.

"రుక్మిణికి. ఈ కాగితం దాము దగ్గర చదివించుకోవద్దు. వాడికి తెలుగు చదవడం రాదు. వచ్చినట్టు నటిస్తాడు. పెండ్లిపత్రికలు చదివేటప్పుడు చూసినాను. పిల్లోడు మంచోడే. నీకు చదువు రాదని తెలిసే రాస్తున్నాను. నోటితో అడిగే ధైర్యం లేక రాస్తున్నాను. పెండ్లయిన మూడో ఏడు మొదటి షిఫ్టుకు పోయేటప్పుడు నేను క్యారియరు విసిరేస్తిని. నువ్వు గుడ్డల మూట కట్టుకోని, ఇంక ఈ గడప తొక్కనని వీధి వీధంతా వినేట్టు చెప్పి, విల్లియనూరు బస్సు ఎక్కితివి. ఈ సంగతి నాకు మిల్లు గేటు కాడికి వచ్చి చెప్పినారు. మూడు గంటలకు నేను ఇంటికి వస్తే నువ్వు ఉన్నావు. చేతులకు నూనె రాసుకోని పనసపండు కోస్తున్నావు. నేను అడగలేదు. నువ్వు చెప్పలేదు. తొనలు పెడితివి, తింటిని. నువ్వు మీ అమ్మగారింటికి పోయినావా, బస్టాండు నుంచే తిరుక్కుంటివా? ఎందుకు వచ్చినావు? అది ఒకటి తెలిస్తే బాగుండు. గ్యాసు పుస్తకం బీరువా పైన ఉంది."

అంతే. సంతకం కూడా లేదు.

సోమయ్య గారు అర్థం అడిగారు, చెప్పాను. సముద్రం వైపు చూస్తూ, "ఆమె జవాబు చెబుతుందా?" అన్నారు. తెలియదన్నాను.

దానికి బదులుగా ఆయన తన భజన పుస్తకం తీసి, చిన్నప్పటి నుంచి తనకు ఎక్కువ ఇష్టమైన పేజీ చదివి, అర్థం చెప్పమన్నారు. తాతలు ఓడెక్కి వచ్చిన బాధ అందులో ఉందని ఆయన నమ్మకం. నాకు అర్థమైనంతవరకు అది తులసిదళాలు ఎలా కోయాలో, ఏ వేళ కోయకూడదో చెప్పే పాట. ఇదివరకటి నేనైతే ఓడ గురించి నాలుగు ముక్కలు కల్పించి ఆయన్ని సంతోషపెట్టేవాడిని. ఉన్నదే చెప్పాను.

"అంతేనా?" అన్నారు.

"అంతే."

పుస్తకం మూసి, "వచ్చే శనివారం కూడా ఇదే చదువుతాను. ఏడ్చేవాళ్ళు ఏడవనీ" అన్నారు. వెళ్ళేరోజు తన పాత అక్షరాల పుస్తకం నా చేతిలో పెట్టారు. మొదటి పేజీలో అ, ఆ. ఇంటికి పోయి నేర్చుకోండి మిస్యే, మీ మామ మళ్ళీ రాస్తే అవసరం పడుతుంది అన్నారు. నేను తెలుగు రాయగలుగుతున్నది ఆ పుస్తకం వల్లే. అప్పటికి నాకు యాభై ఏళ్ళు.

మూలకుళంలో

విమానంలో నేను ఆలోచించింది ఒక్కటే. నా గురించిన మొదటి అయిదు వాక్యాలు వదిలేసి "నీకు చదువు రాదని తెలిసే రాస్తున్నాను" నుంచి మొదలుపెడితే ఎవరికీ నష్టం లేదు. వార్తను కుదించడం మా పనే కదా. ఎన్.ఎస్. గుర్తొచ్చాడు. నిన్ను కూడా కలిపే చెబుతున్నాను అన్న మాట అప్పుడు అర్థమైంది.

అత్త వరండాలో చింతపండు గింజలు తీస్తూ కూర్చుంది. నోటుబుక్కు తెరిచి మొదటి అక్షరం నుంచి చదివాను. "దాము దగ్గర చదివించుకోవద్దు" అనగానే ఆమె చెయ్యి ఆగింది. "వచ్చినట్టు నటిస్తాడు" అనేసరికి చింతపండు చేత్తోనే నోరు మూసుకుంది. భుజాలు ఊగాయి. ఏడుస్తోందేమో అనుకున్నాను. నవ్వుతోంది.

"ఇదిరా మీ మామ గొంతు! నువ్వు చదివిన దాంట్లో ఎవురో కలెక్టరు మాట్లాడినట్టు ఉండింది."

"నాకు రాదని నీకు ముందే తెలుసా అత్తా?"

"ముందే ఏంది? మా ఆడబిడ్డ కొడుకు పెండ్లికి నువ్వు పత్రిక తలకిందులుగా పట్టుకోని చదివినావు. మీ మామ ఆ రోజు రాత్రంతా నవ్వినాడు. చెప్తే పిల్లోడు చిన్నబోతాడని ఎవురమూ చెప్పలా."

అంటే ఇరవై ఏళ్ళు నటించింది నేనొక్కడినే కాదు.

మిగతాది చదివాను. క్యారియరు దగ్గర ఆమె చింతపండు పళ్ళెం పక్కకు నెట్టింది.

"తప్పు జేసినానని రాసినాడా?"

"లేదత్తా."

"రాయడులే. చదువు."

పనసపండు వచ్చింది. బస్టాండు వచ్చింది. ఎందుకు వచ్చినావు అన్నది వచ్చింది. గ్యాసు పుస్తకం కూడా వచ్చింది. అత్త ఇంకో తూరి చదవమంది. మళ్ళీ చదివాను. రెండోసారి ఆమె నవ్వలేదు. కొంగుతో చేతులు తుడుచుకుని, లేచి లోపలికి పోయి, బీరువా పైన చెయ్యిపెట్టి వెతికింది. గ్యాసు పుస్తకం అక్కడే ఉంది. దాన్ని పట్టుకుని వచ్చి మళ్ళీ కూర్చుంది.

"కోపంతో పోలేదు" అంది, తనలో తాను అనుకుంటున్నట్టు. "దీనికా ముప్పై ఏండ్లు? నోరు తెరిచి ఒక్క మాట అడిగుంటే చెప్పకపోదునా?"

నేను పెన్ను మూత తీశానని గమనించుకోలేదు. ప్రశ్న వేయడం నాకు ఊపిరి తీసుకోవడం లాంటిది. "ఎందుకొచ్చినావత్తా?" అన్నాను.

ఆమె పెన్ను వైపు చూసింది. నా వైపు చూసింది.

"అడిగింది నువ్వా?"

"కాదు, మామ."

"అడిగినాయనకు చెప్పాల. నువ్వు సుమ్మా చదివినోడివి." చింతపండు పళ్ళెం మళ్ళీ ముందుకు లాక్కుంది. "కూర్చో. కాఫీ పెడతాను."

మంత్రులను, కలెక్టర్లను, జైల్లో ఉన్నవాళ్ళను ప్రశ్నించి జవాబు రాబట్టానని గొప్పలు చెప్పుకునే ఈ వృత్తిలో, నన్ను అంత మర్యాదగా బయటికి పంపినవాళ్ళు ఇంకెవరూ లేరు. పిల్లలకు నేను ఇచ్చే సలహా ఏదైనా ఉందంటే ఇదే: రానిది రాదని మొదటి పెళ్ళిపత్రికప్పుడే చెప్పేయండి. ప్రశ్న మీది కానప్పుడు పెన్ను జేబులో పెట్టండి. రెండోది నేను పూర్తిగా పాటించలేదు.

ఎందుకంటే ఆ తరవాత కూడా నేను విచారించడం మానలేదు. అత్త ఆ రోజు పుట్టింటికి వచ్చిందా అని విల్లియనూరు దాటాక ఉన్న మా తాతగారి పల్లెలో అడిగాను. మా పెద్దమ్మ రాలేదంది. మా చిన్నాన్న వచ్చిందన్నాడు, గుమ్మంలో నిలబడే మంచినీళ్ళు తాగి, తాతగారి దొడ్లో పనసపండు కోయించుకుని మధ్యాహ్నం బస్సుకే పోయిందని కూడా అన్నాడు. ఇద్దరూ ప్రమాణం చేసి చెప్పారు. ఇద్దరిలో ఒకరిని నమ్మి రాసేయడం మా వృత్తిలో మామూలే.

రుక్కమ్మత్త కొన్నేళ్ళకు పోయింది. మామ కాగితం ఆమె పెట్టెలోనే, మిల్లు యూనిఫాం కింద, నాలుగు మడతలతో దొరికింది. ఈసారి నేనే చదివాను, అన్ని అక్షరాలూ. వెనక వైపు ఖాళీ చోటులో ఆమె ఏమీ రాయించలేదు.

చిన్నాన్న మాట సరిచూద్దామని మా తాతగారి దొడ్డికి పోయాను. మామిడి ఉంది, చింత ఉంది, మూడు కొబ్బరి చెట్లు ఉన్నాయి. ఆ దొడ్లో పనస చెట్టు ఎప్పుడూ లేదని ఊళ్ళో అందరూ అన్నారు.